జ్ఞానమ్మ చేతి చలవ

జ్ఞానమ్మ ఎవరినైనా చూస్తే ముందు ముఖం చూడదు, మెడ చూస్తుంది. తర్వాత చెవులు, ముక్కు పైభాగం, మోచేతుల కింద. ఎండ ఎక్కడ ఎంత కొట్టిందో చూసుకున్నాకే బాగున్నావా అని అడుగుతుంది. కొత్తవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది గానీ ఆ పల్లెలో అందరికీ అలవాటైపోయింది. కొనకనమిట్ల మండలంలో వానను నమ్ముకుని కంది, మిరప వేసే ఊరది. మార్చి వచ్చిందంటే పొద్దున తొమ్మిదికే కాళ్ల కింద నేల చురుక్కుమంటుంది. హాస్టలు నుంచి సెలవులకు వచ్చి, పూటంతా చేలో ఆడి, ఒళ్లు కమిలిపోయిన పిల్లల్ని తల్లులు జ్ఞానమ్మ దగ్గరికే తీసుకొస్తారు. ఇప్పటికీ తెస్తారు. కాకపోతే ఇప్పుడు ఆవిడ ముందొక ప్రశ్న అడుగుతుంది, ఇది ఎన్నాళ్ల నుంచి ఉంది అని. నిన్నటిదో మొన్నటిదో అయితే కుండ దగ్గరికి పోయి నీళ్లు ముంచుతుంది. అంతకంటే పాతదైతే చెయ్యి వెనక్కి తీసుకుని ఆసుపత్రికి పొమ్మంటుంది. వాళ్లు బస్సెక్కిందాకా ఊరుకోదు.

ఈ వైద్యం ఆవిడ పదిమంది కోసం నేర్చుకున్నది కాదు. ఒక్క బిడ్డ కోసం నేర్చుకుంది. ఆ బిడ్డ పేరు స్టెల్లా. ఆ బిడ్డ ఇప్పుడు లేదు.

స్టెల్లా మార్కాపురం ఆసుపత్రిలో పుట్టింది. పుట్టీ పుట్టగానే చూసినవాళ్లు చూసినట్టే నిలబడిపోయారు. తల మీద వెంట్రుకలు మొక్కజొన్న పీచు రంగులో ఉన్నాయి. ఒళ్లంతా పాలమీగడ తెలుపు. కళ్లు వెలుతురుకు తట్టుకోలేక గట్టిగా మూసుకుపోయాయి. జ్ఞానమ్మది చామనఛాయ, ఆమె భర్త వరప్రసాదం ఆ మార్కాపురం పలకంత నలుపు. ఇంకేం, ఊరికి పని దొరికింది. ఆసుపత్రిలో బిడ్డను మార్చేశారని కొందరు, గ్రహణం నాడు జ్ఞానమ్మ బయట తిరిగిందని కొందరు అన్నారు. నోటికి రాకూడని మాట కూడా ఒకరిద్దరు అనకుండా ఉండలేకపోయారు. చర్మంలో రంగు లేకుండా కొందరు పిల్లలు పుడతారని డాక్టరమ్మ చెప్పింది. అది ఎవరి తప్పూ కాదని, ఎండ మాత్రం తగలనివ్వొద్దని చెప్పింది. ఆ మాట విన్నవాళ్లు తక్కువ.

వరప్రసాదం కూలికి పోయినచోటు నుంచి సాయంత్రానికి వచ్చాడు. వరండాలో నిలబడినవాళ్లు అతని ముఖంలోకి చూస్తూ ఉన్నారు, ఏం చేస్తాడో అని. అతను బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని గుడ్డ తొలగించి కాళ్లు చూశాడు. బొటనవేలి పక్కవేలు బొటనవేలికంటే పొడుగ్గా ఉంది. అతని పాదమూ అంతే.

"ఇవి మా నాయన కాళ్లు. ఇంకేమన్నా మాట్లాడేదుంటే నాతో మాట్లాడండి" అన్నాడు.

ఆ రోజు నుంచి అతని ముందు ఎవరూ నోరెత్తలేదు. వెనక ఎత్తారు, బాగానే ఎత్తారు. ఊరంటే అంతే మరి.

పిల్లకు ఎండ తగలనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పిందన్నాను కదా. కూలి చేసుకుని బతికే ఇంట్లో ఆ మాటకు అర్థం తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. స్టెల్లా ఇంకా పాకుతున్న రోజుల్లో, దొనకొండలో ఆడబిడ్డ ఇంట పెళ్లి వచ్చింది. తాముండే చర్చి వెనక బజారంతా కలిసి ఒక ట్రాక్టరు మాట్లాడుకుని ట్రక్కులో కూర్చుని పోయారు. పైన కప్పు లేదు. పిల్లలందరూ తల్లుల ఒళ్లో నవ్వుకుంటూ ఊగుతూ పోయారు. జ్ఞానమ్మ కొంగు కప్పింది గానీ గాలికి కొంగు ఎక్కడ ఆగుతుంది. దొనకొండలో దిగేసరికి పిల్ల ముఖం, మోకాళ్లు మందారం రంగుకు తిరిగాయి. ముట్టుకుంటే కాలుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

పెళ్లింటి ఆడవాళ్లు తలా ఒక మాట చెప్పారు. ఒకావిడ కొబ్బరినూనె తెచ్చింది. ఇంకొకావిడ పెద్ద సభల్లో ప్రార్థన చేయించి తెచ్చుకున్న నూనె సీసా పెట్టెలోంచి తీసి, నమ్మి రాయమంది. జ్ఞానమ్మ నమ్మింది. బిడ్డ తల్లి ఆ సమయంలో దేన్నైనా నమ్ముతుంది. చేతినిండా పోసి ముఖానికీ కాళ్లకూ పట్టించింది. నూనె కింద వేడి బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోయింది. సాయంత్రానికి పిల్ల బుగ్గల మీద నీటిపొక్కులు లేచాయి.

అప్పుడు వచ్చింది పుల్లమ్మ. వరప్రసాదానికి మేనత్త, పెళ్లివంటల దగ్గర గరిటె పట్టుకున్న మనిషి. జీవితమంతా పొయ్యి ముందు గడిపింది కాబట్టి కాలిన ఒళ్లంటే ఏమిటో ఆవిడకు తెలుసు. జ్ఞానమ్మను తిట్టాల్సినంత తిట్టి, నూనెనంతా తడిగుడ్డతో అద్ది అద్ది తీసింది. మెత్తబడిన పాత నూలుచీర ముక్కను కుండనీళ్లలో ముంచి, పిండీ పిండకుండా బిడ్డ ముఖం మీద పరిచింది. గుడ్డ వెచ్చబడగానే తీసి మళ్లీ ముంచింది. చీకటి పడేవరకూ అదే పని. ప్రార్థన నూనె ఇచ్చినావిడ నొచ్చుకుంటే, ప్రార్థనలో తప్పేమీ లేదని, తప్పంతా నూనెదేనని సర్దిచెప్పింది.

"ముందు వేడి దిగాల. వేడి దిగినాకే ఏదన్నా" అని పుల్లమ్మ ఒక్క మాటలో చెప్పింది.

తక్కినదంతా తర్వాత నెమ్మదిగా నేర్పింది. ఐసుముక్క పెట్టకూడదు, కాలిన చర్మం దానికి ఇంకా చెడుతుంది. పొక్కు చిదపకూడదు, అది దానంతటదే అణగాలి. రుద్దకూడదు, అద్దాలి. వేడి దిగాక కలబంద మట్ట కోసి, పసుపుపచ్చ జిగురంతా కారిపోనిచ్చి, లోపలి గుజ్జు పలచగా రాయాలి. కడుపులోకి మజ్జిగ, అంబలి, నీళ్లు పోస్తూనే ఉండాలి. నూనె అంటారా, తోలు ఊడటం మొదలయ్యాక చివర్న ఒక చుక్క.

అప్పటినుంచి జ్ఞానమ్మ ఇల్లు ఆ పిల్ల చర్మం చుట్టూ తిరిగింది. గోడ వెంట పగిలిన కుండల్లో, ఖాళీ రంగు డబ్బాల్లో కలబంద పెంచింది. తన నూలుచీరలు చిరగకముందే పక్కన పెట్టేది, గుడ్డలకు పనికొస్తాయని. బడికి గొడుగు పట్టుకుని తీసుకుపోయి గొడుగు పట్టుకుని తీసుకొచ్చేది. పిల్లలు దొరసాని అని పిలిచారు. పంతులు బోర్డుకు ఆనుకుని నేల మీద కూర్చోబెట్టినా స్టెల్లాకు అక్షరాలు మసకగానే కనిపించేవి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. క్రిస్మసుకు మాత్రం దేవదూత వేషం ఎప్పుడూ స్టెల్లాదే. ఊళ్లో ఇంకే ఆడపిల్లకూ ఆ వేషం దక్కలేదని తల్లులు లోలోపల కుళ్లుకున్నారు. ఏడాది పొడుగునా చూసి నవ్వినవాళ్లే ఆ ఒక్క సాయంత్రం ఆ పిల్ల తెలుపు చూసి చేతులు జోడించేవారు.

దేవుడు కళ్లలో తీసుకున్నది గొంతులో ఇచ్చాడేమో. స్టెల్లా పాట ఎత్తుకుంటే చర్చి బయట చెప్పులు విడుస్తున్నవాళ్లు కూడా ఆగేవారు.

చదువు ఆగిపోయాక పిల్ల ఇంట్లో ఉంది. పొద్దున ఏడింటికి కూలి ఆటోలు పోయాక ఆ బజారులో మిగిలేది ముసలివాళ్లు, కోళ్లు, స్టెల్లా. మధ్యాహ్నమంతా గుమ్మానికి గోనెపట్టా దించుకుని ఆ మసక వెలుతురులో కూర్చునేది. సాయంత్రం ఆటోలు దిగినవాళ్లు ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఎవరితో గొడవపడ్డారు, ఎవరు ఏం కూర తెచ్చారు అని చెప్పుకుంటూ నవ్వుకుంటూ పోతుంటే పట్టా ఎత్తి వినేది. వాళ్ల మాటల్లో తను ఉండేది కాదు. ఎక్కడ ఉంటుంది, ఎక్కడికీ పోలేదుగా.

ఒక మిరప సీజనులో తనూ కోతకు పోతానంది. పక్కింటి రోశమ్మకు ఒక ముఠా ఉంది, ఆడవాళ్లను పోగుచేసి చేలకు తీసుకుపోతుంది. ఆమెతో మాట్లాడుకుని వచ్చి మరీ చెప్పింది. జ్ఞానమ్మ వల్లకాదంది. వరప్రసాదం ఇటు మాట్లాడలేడు, అటు మాట్లాడలేడు. రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగినా అన్నం సరిగా ఎవరూ తినలేదు. చివరికి తండ్రి తన పొడుగు చేతుల చొక్కా తీసి కూతురికిచ్చాడు. జ్ఞానమ్మ తలకూ చెవులకూ మెడకూ తువ్వాలు చుట్టి, ముడి గట్టిగా బిగించింది.

స్టెల్లాకు ఎరుపూ పచ్చా దూరం నుంచి తెలియవు. మధ్యాహ్నం ఎండలో కళ్లు తెరవడమే కష్టం. అయినా పండిన కాయ వేళ్లకు ఎలా తగులుతుందో, పచ్చికాయ ఎలా తగులుతుందో తెలుసుకుని ముట్టుకుని కోసేది. అందరికంటే నెమ్మదిగా కోసేది, ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే పాడేది. ఈ సాలులోంచి స్టెల్లా ఒక చరణం ఎత్తితే ఆ సాలులోంచి ముఠా అంతా అందుకునేది. ఎండ నడినెత్తికొచ్చినా పని నడిచేది. పక్క ఊరి రైతులు కూడా రోశమ్మను అడిగేవారు, ఆ పాడే పిల్ల వస్తుందా అని.

గొడవంతా తువ్వాలుతోనే వచ్చింది. చెవుల మీద బిగిస్తే అవతలి సాలులో వాళ్లు అందుకున్నది ఈ పిల్లకు వినపడదు. వినపడకపోతే పాట గతి తప్పుతుంది. అందుకని ఆటో మలుపు తిరగ్గానే ముడి విప్పి, చెవులు బయటకు పెట్టి, తువ్వాలు పైకి కట్టుకునేది. సాయంత్రం చెవుల అంచులు నిప్పుల్లా ఎర్రగా వచ్చేవి. జ్ఞానమ్మ తిట్టేది. మార్కాపురం మందుల షాపులో అడిగి ఎండకు రాసుకునే క్రీము తెచ్చింది. మిరప దుమ్ము ఆ జిడ్డుకు అంటుకుని ఇంకా మండిపోయిందని స్టెల్లా ఒక్కరోజుతో దాన్ని గూట్లో పెట్టేసింది.

సాయంత్రాలు మాత్రం ఆ ఇంట్లో బాగుండేవి, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. పిల్ల కాళ్లూ చేతులూ కడుక్కుని చాప మీద పక్కకు తిరిగి పడుకునేది. జ్ఞానమ్మ కుండనీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని గుడ్డ ముంచి చెవి మీద, మెడ మీద వేసేది. గుడ్డ పడగానే స్టెల్లా హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలేది. ఇక కబుర్లు మొదలు. రోశమ్మ మేస్త్రీని ఎలా కడిగేసింది, ఎవరి సద్దిలో ఏం పచ్చడి ఉంది, ఏ పాటకు రైతు పెళ్లాం గట్టు మీద కూర్చుండిపోయింది. జ్ఞానమ్మ గుడ్డ మారుస్తూ వినేది. ఇప్పుడు ఆ కబుర్లలో స్టెల్లా కూడా ఉండేది. కలబంద రాసేటప్పటికి సగం నిద్రలో ఉండేది. పొద్దునకు ఎరుపు తగ్గేది. మళ్లీ ఆటో ఎక్కేది.

ఇక్కడే ఉంది అసలు సంగతి, జ్ఞానమ్మకు చాలా రోజులకు గానీ తట్టలేదు. తను సాయంత్రం చల్లబరుస్తోంది కాబట్టే పిల్ల పొద్దున మళ్లీ పోగలుగుతోంది. ఆ మంట అట్లే ఉంటే నాలుగు రోజులకు తనే ఇంట్లో కూర్చునేదేమో. ఆ సంగతి తట్టాక ఆ తల్లికి మనసు నిలవలేదు. ఒక కంది కోత రోజున పిల్ల ముఖమంతా కమిలి వచ్చింది, ఒక చెవి పైన పొక్కు కూడా లేచింది. వచ్చి చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. జ్ఞానమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు. కూరలో గరిటె తిప్పుతూనే ఉంది, కూర అడుగంటినా తిప్పుతూనే ఉంది.

స్టెల్లా అడగలేదు. కాసేపు చూసింది. తల్లి రాదని అర్థమయ్యాక లేచి తనే గిన్నెలో నీళ్లు తెచ్చుకుని, గుడ్డ ముంచి, కనపడీ కనపడని చూపుతో తడుముకుంటూ చెవి మీద వేసుకుంది. గుడ్డ జారిపోయింది. మళ్లీ వేసుకుంది. వరప్రసాదం గుమ్మంలో కూర్చుని ఇద్దరినీ చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

పొద్దున పిల్ల చొక్కా తొడుక్కుంటుంటే జ్ఞానమ్మ దారికి అడ్డం నిలబడింది. ఈ ఒళ్లు పెట్టుకుని ఎక్కడికని అడిగింది.

"మంటకు భయపడి ఇంట్లో కూసుంటే, నేనొకదాన్ని ఉండానని ఎవరికి తెలుస్తాది మా?" అంది స్టెల్లా. కోపంగా అనలేదు, అడిగింది.

జ్ఞానమ్మ పక్కకు జరిగింది. ఆ సాయంత్రం ఆటో రాకముందే గిన్నెలో నీళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఏ రోజూ తప్పలేదు.

కుడిచెవి పై అంచున జొన్నగింజంత పుండు లేచింది, ఎప్పుడు లేచిందో ఎవరికీ తెలియదు. పైన పక్కు కట్టేది, రాలేది, కింద పచ్చిగా ఉండేది. జ్ఞానమ్మ దాన్ని మొదటే చూసింది. ఎండ పుండు అనుకుంది. ఎన్ని చూడలేదు, ముక్కు మీద, భుజం మీద, ఎన్ని మాన్పలేదు. దీనికీ అదే చేసింది, ఇంకా శ్రద్ధగా చేసింది. వానాకాలం పనులు తగ్గి ఎండ నెమ్మదించినప్పుడు పుండు ముడుచుకున్నట్టు కనిపించింది. చూశావా, మానుతోంది అని వరప్రసాదానికి చూపించి సంతోషపడింది. మిరపకోతల నాటికి మళ్లీ నోరు తెరిచింది. ఈసారి చిక్కుడు గింజంత.

రోశమ్మకు అనుమానం వచ్చింది. ఇంతకాలం మానని పుండేమిటి, మార్కాపురం పోయి చూపించండి అని ఇంటికొచ్చి చెప్పింది.

"ఎండ పుండు నాకు తెలవదా వదినా? పుట్టినకాడి నుంచి చూస్తాండా" అంది జ్ఞానమ్మ.

ఆ మాటలో గర్వం లేదు. నిజంగానే ఆ చుట్టుపక్కల ఎవరికీ ఆవిడకు తెలిసినంత తెలియదు. తెలిసిన రోగాన్ని పోలిన రోగం వచ్చి గుమ్మంలో నిలబడితే, తెలిసినదే అనుకుని లోపలికి పిలిచింది. తెలియనివాళ్లయితే భయపడి ఎప్పుడో ఆసుపత్రికి పరిగెత్తేవారు. ఈ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఎవరి మీద కోప్పడాలో తోచదు.

పుండు మరో ఎండాకాలం అలాగే ఉంది. తర్వాత చెవి కింద మెడలో గడ్డ చేతికి తగిలింది. గుడ్డ మారుస్తున్న జ్ఞానమ్మ చేతికే తగిలింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. స్టెల్లా ఏదో చెబుతూ చెబుతూ ఆపి, ఏందిమా అని అడిగింది. ఏం లేదంది జ్ఞానమ్మ. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ముగ్గురూ మార్కాపురం పోయారు.

మార్కాపురంలో చూసి ఒంగోలు పొమ్మన్నారు. ఒంగోలులో చూసి గుంటూరు పొమ్మన్నారు. అక్కడి డాక్టరు నెమ్మదైన మనిషి. ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా అని అడిగాడు. జ్ఞానమ్మ లెక్క చెబుతూ చెబుతూ తన నోటితో వస్తున్న మాట తనే విని మధ్యలో ఆగిపోయింది. రంగులేని చర్మానికి ఎండ ఇలాంటి పుండు తెస్తుందని, పైకి మామూలు పుండులాగే ఉంటుందని, ఇది క్యాన్సరని, మెడలోకి దిగిందని ఆయన వివరించాడు. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే బాగుండేదని జ్ఞానమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది.

చెవి సగం తీసేశారు. మెడలో గడ్డ కోశారు. తర్వాత కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారు దాన్ని. ఆ వైద్యానికి చెవి కిందంతా చర్మం ఎర్రబడి, కమిలి, పొట్టు లేచింది. అచ్చం ఎండకు కాలినట్టే ఉంది. జ్ఞానమ్మ ఆ ఎరుపును చూడగానే చేతులు వాటంతటవే సంచీలో గుడ్డ వెతికాయి. నర్సు వద్దంది. ఇక్కడ ఇంటి వైద్యం ఏదీ చెయ్యకూడదని, కలబందా పెరుగూ ఏవీ రాయొద్దని, వాళ్లిచ్చిన మందు మాత్రమే వాళ్లు చెప్పినట్టే వెయ్యాలని చెప్పింది. నర్సు చెప్పింది సరైన మాటే. జ్ఞానమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, పిల్ల మెడ మీద ఎరుపు వైపు చూస్తూ, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఆ చేతులను ఏం చేసుకోవాలో ఆవిడకు తెలియలేదు.

కొంతకాలం నయమైనట్టే అనిపించింది. ఆ క్రిస్మసుకు స్టెల్లా తలకు గుడ్డ కట్టుకుని చర్చిలో పాడింది. గొంతు సగమే వచ్చింది. సంక్రాంతి దాటాక ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. నొప్పికి మాత్రలిచ్చి, ఇంటి దగ్గర ఉంచుకుని బాగా చూసుకోండమ్మా అన్నారు. ఆ మాటకు అర్థం ముగ్గురికీ తెలిసింది.

ఇంటికొచ్చాక రోశమ్మ ముఠావాళ్లు రోజూ ఆటో దిగగానే నేరుగా వీళ్లింటికే వచ్చేవారు. చెమటతో, మిరప ఘాటుతో చాప చుట్టూ కూర్చుని ఆ రోజు సంగతులన్నీ చెప్పేవారు. స్టెల్లా కళ్లు మూసుకుని వినేది. ఒకనాడు వాళ్లు పోయాక, ఇంకా పొద్దు గుంకకముందే, గుడ్డ వెయ్యమని తల్లిని అడిగింది. కోసిన వైపు కాదు, ఇటువైపు అని ఎడమ చెంప చూపించింది. అక్కడ ఎండ తగిలి ఎన్ని నెలలైందో. చర్మం తెల్లగా, చల్లగా ఉంది. జ్ఞానమ్మ అయినా నీళ్లు తెచ్చి గుడ్డ తడిపి వేసింది.

వేస్తూ ఉండగా ఆవిడకు లోపలున్నది ఆగలేదు.

"నేను ఇట్ల చల్లబరచకుండా ఉంటే నువ్వు చేలకు పొయ్యేదానివి కాదు. బతికేదానివి" అంది.

స్టెల్లా ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆగి, చెప్పింది.

"పొయ్యేదాన్నేమా. మంటతో పొయ్యేదాన్ని, అంతే."

జ్ఞానమ్మ ఆ మాటను ఇప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటుంది. కొన్ని రోజులు అందులో ఊరట దొరుకుతుంది. కొన్ని రోజులు పిల్ల తల్లి బాధ చూడలేక అలా అందేమోనని అనిపిస్తుంది. కడుపుకోత పెట్టిన బిడ్డే ఓదార్చి పోతే ఆ ఓదార్పును ఎక్కడ దాచుకోవాలో ఏ తల్లికి తెలుస్తుంది.

మే నెలలో ఒక తెల్లవారుజామున స్టెల్లా పోయింది. ఇరవై నాలుగు నిండలేదు.

దర్శిలో ఉన్న జ్ఞానమ్మ తమ్ముడు జాకబ్‌కు ఫోను చేశారు. బయల్దేరుతున్నానని, తను వచ్చేదాకా పెట్టె మూయొద్దని చెప్పాడు. ఆ బజారులో పద్ధతి అదే. మేనమామ వచ్చి ముఖం చూడందే మూత వెయ్యరు. చర్చిలో ఆరాధన ముగించి, పన్నెండు దాటాక సమాధుల దొడ్డికి తీసుకుపోయారు. ఊరి బయట గులకరాళ్ల నేల, చుట్టూ చిల్లచెట్ల ముళ్లపొదలు తప్ప నిలువెత్తు నీడ లేదు. తవ్విన గుంట పక్కన రెండు బల్లల మీద పెట్టెను మూత తీసి ఉంచారు. పాట పాడదామని చర్చి అయ్యగారు అన్నారు. ముఠా ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ పాటైనా ఇన్నాళ్లూ ఎత్తింది స్టెల్లాయే, వాళ్లకు అందుకోవడమే అలవాటు. రోశమ్మ ఎలాగో మొదలుపెట్టింది, రెండో చరణానికి ఆపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జాకబ్ ఎక్కిన బస్సు పొదిలి దగ్గర ఆగిపోయిందని ఫోను వచ్చింది. ఆటో పట్టుకుని వస్తున్నాడట. ఇంకాసేపు చూద్దామని అయ్యగారు అన్నారు. జనం తలల మీద తువ్వాళ్లు, కొంగులు కప్పుకుని నిలబడ్డారు. జ్ఞానమ్మ పెట్టె తల వైపు నిలబడి ఉంది. పొద్దున్నుంచి ఆవిడ ఏడవలేదు. సూర్యుడు సరిగ్గా పైనున్నాడు. స్టెల్లా ముఖం మీద, బుగ్గల మీద, మిగిలిన ఆ ఒక్క చెవి మీద ఎండ తెల్లగా పడుతోంది. జ్ఞానమ్మ కొంచెం ముందుకు వంగింది, తన నీడ పడుతుందేమోనని. నడినెత్తి పొద్దుకు మనిషి నీడ మనిషి కాళ్ల దగ్గరే ఉంటుంది. ఇటు జరిగింది, అటు జరిగింది. కొంగు పట్టింది. గాలికి కొంగు లేచిపోయింది.

"అయ్యగారూ, మూత వెయ్యండి" అంది.

చుట్టూ ఉన్నవాళ్లకు ముందు అర్థం కాలేదు. మూత వేసేటప్పుడు అడ్డంపడి పెట్టెను పట్టుకునే తల్లులను చూశారు గానీ, తనే వెయ్యమన్న తల్లిని ఎవరూ చూడలేదు. అయ్యగారు ఆమె దగ్గరికి వచ్చి, జాకబ్ దారిలో ఉన్నాడని, మేనమామ చూడకుండా ఎలా అని మెల్లగా చెప్పారు. మూత వేస్తే ఇక తెరవరని కూడా గుర్తుచేశారు. వరప్రసాదం ఆమె భుజం పట్టుకుని, ఇంకొక్కసారి చూసుకోమన్నాడు.

"చూసినా. పిల్లకు ఎండ తగులుతాంది. మూసెయ్యండి" అంది జ్ఞానమ్మ.

వరప్రసాదం ఆమె భుజం వదిలాడు. తర్వాత పోయి మూత ఒక చివర తనే ఎత్తాడు. రెండో చివర రోశమ్మ పట్టుకుంది. జాకబ్ వచ్చేసరికి మట్టి వెయ్యడం కూడా అయిపోయింది. అందరూ కాళ్లు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పోతున్నారు.